వేసవి నాటక శిబిరం: మా అబ్బాయి గొంతు విచ్చుకుంది

మా చిన్నోడికి 12 ఏళ్లు. సినిమాల్లో నటించాలని పట్టు పడితే, మొన్న వేసవిలో మా కాలనీ దగ్గరి నాటక శిబిరంలో చేర్చాను. నెలకు 6,000 ఫీజు. మొదటి వారం డైలాగు ఊసే లేదు. ఊపిరి పట్టడం, నడక, చూపు, ఒత్తులు పలకడం, అంతే. నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది.

రెండో వారం నుంచి మాస్టారు హార్మోనియం ముందు కూర్చోబెట్టి పద్యం పాడించారు. ఆయనది సురభి కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజంలో పిల్లలు చిన్నప్పటి నుంచే వేషాలు వేస్తారు. రాగం తీయాలని తొందరపడి మాట విరగ్గొడితే ఆయన ఊరుకోరు. "ముందు అర్థం వినిపించు నాన్నా, తర్వాత రాగం" అంటారు. 'భ'ని 'బ' అనే మావాడు ఇప్పుడు స్పష్టంగా పలుకుతున్నాడు. అది చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

ఒక్క లోటు: 30 మంది పిల్లలకు మాస్టారు ఒక్కరే. చివరి వారం ప్రదర్శన హడావుడిలో చిన్న వేషాల పిల్లల్ని ఎవరూ పట్టించుకోలేదు. చేర్చేవాళ్లు ఉదయం బ్యాచ్ అడగండి, అందులో పిల్లలు తక్కువ.