ముడి రీడింగులా, సవరించినవా? భూమి వేడిని లెక్కగట్టడానికి ఏది మేలు?

వందేళ్లలో భూమి ఎంత వేడెక్కిందో తేల్చాలంటే పాత వాతావరణ కేంద్రాల రీడింగులే దిక్కు. వాటిని రాసింది రాసినట్టే తీసుకోవాలా, సరిదిద్ది తీసుకోవాలా అన్న దగ్గరే పేచీ. నా ఓటు సరిదిద్దిన వాటికే.

ఎందుకో చూడండి. అమెరికాలో ఒకప్పుడు చాలా కేంద్రాల్లో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల థర్మామీటర్‌ను రోజూ సాయంత్రం చూసి, మళ్లీ సెట్ చేసేవారు. ఎండ మండిపోయిన రోజు సాయంత్రం ఐదింటికి 38 డిగ్రీలు ఉందనుకుందాం. సెట్ చేయగానే కొత్త రోజు లెక్క ఆ 38 దగ్గరే మొదలవుతుంది. మర్నాడు మబ్బుపట్టి 30 దాటకపోయినా, గరిష్ఠం కింద రాసేది 38 డిగ్రీలే. ఒకే ఎండ రెండు రోజుల ఖాతాలో పడిందన్నమాట. తర్వాతి దశాబ్దాల్లో ఈ పని క్రమంగా ఉదయానికి మారింది. దాంతో చలి రెండుసార్లు లెక్కకు రావడం మొదలైంది. వాతావరణం ఏమీ మారకపోయినా రికార్డు మాత్రం చల్లబడుతున్నట్టు చూపిస్తుంది! 1980ల్లో గాజు థర్మామీటర్ల బదులు ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చినప్పుడూ పగటి గరిష్ఠం కాస్త తగ్గింది. ముడి రీడింగుల్లో ఇవన్నీ అలాగే ఉండిపోతాయి.

సవరణ అంటే వేడిని పెంచి చూపడమే అన్న అనుమానం చాలామందికి ఉంది. సముద్రాలను కూడా కలిపి చూస్తే జరిగేది అందుకు తిరగబడి ఉంటుంది. పాత ఓడల్లో బకెట్‌తో తోడిన నీళ్లు కొలిచేలోపే కొంత చల్లారేవి. దాన్ని సరిదిద్దితే పాతకాలపు ఉష్ణోగ్రత పెరుగుతుంది, మొత్తం భూమి వేడెక్కిన లెక్క ముడి రీడింగుల కంటే తగ్గుతుంది.

సరిదిద్దడంలోనూ రెండు దారులున్నాయి. అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ నోవా (NOAA) ఒక్కో కేంద్రాన్ని ఇరుగుపొరుగు కేంద్రాలతో పోల్చి, అక్కడొక్కచోటే వచ్చిన హఠాత్తు తేడాను పట్టుకుని సరిచేస్తుంది. బర్క్‌లీ ఎర్త్ బృందం తేడా వచ్చిన చోట రికార్డును కోసి, రెండు ముక్కలనూ వేర్వేరు కేంద్రాలుగా చూస్తుంది. ప్రపంచ సగటుకు వచ్చేసరికి రెండూ దాదాపు ఒకే జవాబు ఇస్తాయి. ఒక ఊరి చరిత్ర కావాలంటే నోవా పద్ధతే నాకు నచ్చుతుంది, రికార్డు తెగకుండా చేతికొస్తుంది. అయితే చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి నగరాలుగా పెరిగితే పోల్చి చూసే పద్ధతులకు నగరాల వల్ల పెరిగిన ఆ వేడిని పట్టడం కష్టం.

అందుకే ఊళ్లకు దూరంగా, ఒక్కోచోట మూడేసి సెన్సర్లతో అమెరికా 2000ల్లో ప్రత్యేక కేంద్రాలు పెట్టింది. పాత కేంద్రాలు, ఈ కొత్తవి రెండూ పనిచేసిన కాలంలో పోల్చి చూస్తే, పాతవాటి ముడి రీడింగుల కంటే సరిదిద్దినవే కొత్తవాటి లెక్కకు దగ్గరగా వచ్చాయి. కచ్చితత్వంలో ఈ కొత్త కేంద్రాలదే పైచేయి, కానీ 1930ల సంగతి అవి చెప్పలేవు. ఆ కాలానికి పాత రీడింగులే ఆధారం, కాబట్టి సరిదిద్దాక కూడా ముడివాటిని భద్రంగా ఉంచాలి. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే లెక్క మళ్లీ మొదలుపెట్టాల్సింది వాటితోనే.