చెన్నై ట్రాక్ డే ప్యాకేజీకి డబ్బులు కట్టబోతున్న కొత్తవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

నిన్న రాత్రే ఇంటికొచ్చాను. ఒళ్ళు నొప్పులు తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు, కాబట్టి రాత అటూ ఇటూ పోతే సర్దుకోండి. ట్రాక్ డే అంటే మన బండి మనమే రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. మన హైదరాబాద్ నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి "బిగినర్స్ ట్రాక్ డే" అని బ్యాచ్‌లు తీసుకెళ్ళే ఆ అన్న ఉన్నాడు కదా, మలుపుల్లో మోకాలు నేలకి ఆనించిన రీల్స్ పెడుతుంటాడు, అతని గురించే. పేరు రాయను. రాస్తే లీగల్ నోటీసు అంటాడు. బైక్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఈ పాటికే అర్థమైపోయి ఉంటుంది.

ముందే చెప్తున్నా, నా గొడవ ట్రాక్‌తో కాదు. అక్కడి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 1990 నుంచి ఉన్నది, దాదాపు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు, నేషనల్ రేసులు జరిగే చోటు. అక్కడ ఎండలో జెండాలు పట్టుకుని నిలబడే మార్షల్స్‌కి దండం పెట్టొచ్చు. గొడవంతా ట్రాక్‌ని రోజుకింత అని అద్దెకి తీసుకుని, అందులో స్లాట్లు మనకి అమ్ముకునే ఈ మధ్యవర్తితోనే.

నాకీ పిచ్చి ఎప్పుడు పట్టిందంటే 2023 ఫిబ్రవరిలో, హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు. రోజూ ఆఫీసుకి వెళ్ళే రోడ్డు మీద ఆ కార్లు అలా దూసుకుపోతుంటే చూసి తట్టుకోలేకపోయాను. తర్వాతి ఏడాది ఆ రేసు రద్దయిపోయింది, నా పిచ్చి మాత్రం రద్దవలేదు. బండి ఉంది, డ్యూక్ 390. అవుటర్ మీద తొక్కి చలాన్లు కట్టే బదులు పద్ధతిగా ట్రాక్ మీద నేర్చుకుందాం అనుకున్నా. ట్రాక్ ఉన్నది శ్రీపెరుంబుదూర్ దగ్గరే, అక్కడికి వెళ్తున్నా అనగానే మా అమ్మ రామానుజుల వారి గుడికనుకుని పూలకి డబ్బులు కూడా ఇచ్చింది, అది వేరే కథ.

ప్యాకేజీ 18,500. అందులో ఏమేం ఉన్నాయో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఇప్పటికీ నా ఫోన్లో ఉంది: కొత్తవాళ్ళకి విడిగా గ్రూపు, నలుగురికి ఒక ఇన్‌స్ట్రక్టర్, బండి టెంపోలో తెచ్చి మళ్ళీ ఇంటి దగ్గర దింపడం, లెదర్ సూట్, భోజనం. సూట్‌కి డిపాజిట్ ఇంకో 10,000, "సాయంత్రం అక్కడికక్కడే ఫోన్‌పే చేసేస్తాం బ్రో." నేనూ మా బావమరిదీ చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి తాంబరంలో దిగాం, అక్కడి నుంచి క్యాబ్.

పొద్దున్నే మొదటి దెబ్బ బండి దగ్గర. అద్దాలు విప్పాలి, లైట్లకీ ఇండికేటర్లకీ టేపు వెయ్యాలి, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ తీసేసి ఉత్త నీళ్ళు పొయ్యాలి. ఇవన్నీ న్యాయమైన రూల్సే, పడితే గాజు ముక్కలు ట్రాక్ మీద చెల్లాచెదురు కాకూడదు, కూలెంట్ కారితే వెనకొచ్చేవాడు జారిపోతాడు. కానీ ఈ ముక్క హైదరాబాద్‌లోనే చెప్తే ఇంటి దగ్గర మెకానిక్ చేత చేయించుకుని వచ్చేవాణ్ణి కదా. చెప్పలేదు. అక్కడ "ప్రిపరేషన్ ఛార్జ్" 1,500 తీసుకున్నాడు. బంగారు టేపు అనుకుంటా.

సూట్ కూడా అంతే. సైజు ముందే అడిగి రాసుకున్నాడు, ఇచ్చింది మాత్రం ఎవరో బక్కపల్చటి అబ్బాయిది, ఎరుపు రంగుది, కుడి మోకాలి దగ్గర చెయ్యంత గీత పడి తోలు లేచిపోయి ఉంది. చెన్నై ఉక్కపోత సంగతి తెలిసిందే, అందులో ఊపిరాడని సూటు. మా బావమరిది నవ్వుకుంటూ ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు గుర్తుపెట్టుకోండి.

జెండాల గురించి చెప్పింది కూడా ఇతను కాదు. ట్రాక్ దగ్గరి పెద్దాయన ఒకరు తమిళం, ఇంగ్లీషు కలిపి ఓపిగ్గా చెప్పారు. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చెయ్యకూడదు. ఎరుపంటే సెషన్ ఆగిపోయింది, మెల్లగా పిట్స్‌కి, అంటే బండ్లు ఆపుకునే చోటికి వచ్చెయ్యాలి. నీలం అంటే నీ వెనక నీకంటే వేగంగా వచ్చేవాడున్నాడు, నువ్వు కంగారుపడి పక్కకి తప్పుకోకు, నీ దారిన నువ్వు పో, దాటుకునే బాధ్యత వాడిది. ఆ ఒక్క మాట ఆయన చెప్పకపోయి ఉంటే ఇవాళ ఈ పోస్టు నేను ఏ హాస్పిటల్ మంచం మీద నుంచో రాసేవాణ్ణి.

ఎందుకంటే విడి గ్రూపు లేదు. ఇన్‌స్ట్రక్టర్ లేడు. అడిగితే "మన ఇన్‌స్ట్రక్టర్‌కి ఫీవర్ వచ్చింది బ్రో, నేనే చూసుకుంటా" అన్నాడు. చూసుకోవడం అంటే తన స్టూడెంట్లని, అంటే రెగ్యులర్‌గా వచ్చే ఫాస్ట్ బ్యాచ్‌ని చూసుకోవడం అని తర్వాత అర్థమైంది. కొత్తవాళ్ళం కొద్దిమందిమే ఉన్నాం కాబట్టి మా స్లాట్ సగం వాళ్ళకి ఇచ్చేసి, మిగతా సగంలో మమ్మల్ని తీసుకెళ్ళి వాళ్ళతోనే కలిపేశాడు. ట్రాక్ ఎటు తిరుగుతుందో కూడా తెలియని నా వెనకాల రేస్ టైర్లు వేసుకున్న లీటర్ బైకులు, అంటే 1000 సీసీ బండ్లు. నేను దాటిన ప్రతి మార్షల్ పోస్టు దగ్గరా నీలం జెండానే, అదేదో నాకు స్వాగతం చెప్తున్నట్టు.

మెయిన్ స్ట్రెయిట్‌లో పర్లేదు, వాళ్ళు దాటుకుని పోతారు. భయం మలుపుల్లో. ఒక కుడి మలుపులో నేను బండి వంచుతున్నాను, సరిగ్గా అప్పుడే లోపలి వైపు నుంచి ఒకడు నా మోచెయ్యికి చెయ్యెడు దూరంలో దూరాడు. చూపు వాడి మీదకి పోయింది, బండి కూడా చూపు వెంటే పోయింది. లేపి, బ్రేకు పట్టి, నేరుగా మట్టిలోకి. పడలేదు. ఎలా పడలేదో నాకు తెలియదు. మార్షల్ పరిగెత్తుకొచ్చి, హెల్మెట్ లోపలికి తొంగిచూసి, ఓకేనా అని వేలు పైకెత్తి అడిగాడు. ఆ రోజంతా నన్ను ఆ మాట అడిగిన మనిషి అతనొక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. పిట్స్‌కి వచ్చాను, చేతులు వణుకుతున్నాయి, గ్లవ్స్ కూడా విప్పుకోలేకపోతున్నాను. మర్యాదగానే అడిగాను, "అన్నా, కొత్తవాళ్ళకి విడిగా గ్రూపు అన్నారు కదా" అని. అతని చేతిలో బ్రీఫింగ్ కోసం పెట్టుకున్న చిన్న మైకు ఉంది. ఆ మైకులోనే, అందరికీ వినబడేలా, "బ్రోకి విడిగా గ్రూపు కావాలంట, స్కూటీ తెచ్చుకుని ఉంటే పార్కింగ్‌లో పెట్టేవాళ్ళం కదా బ్రో" అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను మట్టిలోకి పంపినవాడు కూడా నవ్వాడు. మా బావమరిది మీదకి వెళ్ళబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకు ఆపానా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను.

పోనీ, ఇతనికి నేర్పడం రాదేమో అని సరిపెట్టుకోవచ్చు. కానీ కొత్తగా వచ్చినవాడు నెమ్మదిగా ఉంటాడు కాబట్టే కదా వాడి దగ్గర "బిగినర్స్" అని బోర్డు పెట్టి డబ్బులు తీసుకున్నది! నెమ్మదితనాన్ని అమ్ముకుని, మళ్ళీ దాన్నే చూసి నవ్వడం ఏంటి? మిగతా సెషన్లకి వెళ్ళనన్నాను. డబ్బులు? "ఇండెమ్నిటీ ఫామ్ మీద సైన్ చేశావు కదా బ్రో, నో రీఫండ్." అవును, చేశాను. ప్రమాదం జరిగితే నాదే బాధ్యత అని చేశాను, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా నడుపుతా అని చెయ్యలేదు.

సాయంత్రం సూట్ తిరిగి ఇస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి, మోకాలి మీద గీత చూపించి 10,000 డిపాజిట్‌లో 6,000 పట్టుకున్నాడు. పడనివాడికి మోకాలి మీద గీత ఎలా వస్తుంది స్వామీ? పొద్దున తీసిన ఫోటో చూపించాం, అదే గీత, అదే మోకాలు, ఫోటోలో టైముతో సహా. ఒక్క క్షణం ఆగి, "అది లైటింగ్" అన్నాడు. లైటింగ్ అంట! ఇంటికొచ్చాక మెసేజ్ పెడితే ఒక్క టిక్కే, బ్లాక్ చేశాడు. బండి మాత్రం పాపం ఇంటి దగ్గర దింపాడు, ఎడమ ఇండికేటర్ లేకుండా.

ఇవాళ పొద్దున మా ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపాడు. ఇతని స్టోరీలో నా ఫోటో. మట్టిలోకి పోకముందు తీసింది, హెల్మెట్‌లో ఉన్నాను కాబట్టి ఎవరూ గుర్తుపట్టరనుకున్నాడేమో. కింద "మా హ్యాపీ బిగినర్స్! నెక్స్ట్ బ్యాచ్ ఓపెన్" అని రాసి, రేటు 19,500 చేశాడు. నా మొహం కనబడని ఫోటో పెట్టి నా విలువ వెయ్యి రూపాయలు పెంచినందుకు థాంక్స్, అన్నా.

కట్టబోయేవాళ్ళకి గబగబా నాలుగు ముక్కలు. గ్రూపులు ఎన్ని, మీ గ్రూపులో ఎవరెవరు, ఇన్‌స్ట్రక్టర్ ఎవరు అన్నది అడ్వాన్స్ ఇచ్చే ముందే టెక్స్ట్‌లో రాయించుకోండి, వాయిస్ మెసేజ్‌లు నమ్మకండి. ట్రాక్ ఎవరి పేరున ఆ రోజుకి బుక్ అయిందో సర్క్యూట్ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. మీ బండి ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వర్తించవు అనే లైన్ ఉంటుంది, ఒకసారి తీసి చదవండి, అక్కడ పడితే రిపేరు ఖర్చంతా మన జేబులోంచే. అద్దె సూట్ వేసుకునే ముందు ముందూ వెనకా వీడియో తీసి, అతని చేతే "ఓకే" అనిపించండి, అప్పుడు లైటింగ్ ఉండదు. అసలు పూర్తిగా కొత్త అయితే ముందు సరైన రైడింగ్ స్కూల్ ఏదైనా చూసుకోండి, మాజీ రేసర్లు నడిపేవి ఉన్నాయి.

ఇంకొకటి. ఇతనితో ఇంతకుముందు వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఆ ఎరుపు సూట్ వేసుకుని ఫోటో దిగి ఉంటే దయచేసి నాకు పంపండి, తేదీ కనబడేలా. ఫోటోలో కుడి మోకాలు కనబడితే చాలు. ఆ గీత పేరు మీద ఎంతమంది దగ్గర 6,000 వసూలు చేశాడో లెక్క తేలాక, కన్స్యూమర్ కోర్టులో అందరం కలిసే కేసు వేద్దాం.