నెలలు నిండని బిడ్డకు ఏది మేలు: అద్దాల పెట్టెనా, అమ్మ ఎదనా?

నెలలు నిండకుండా కాన్పు అయిందనగానే మన ఇళ్లలో వినిపించే మాట "బాక్సులో పెట్టారు". అది వింటేనే బంధువులకు కాస్త ధైర్యం. ఆసుపత్రిలో ఎన్ని పెట్టెలున్నాయో ఆరా తీసేవాళ్లు కూడా బాలింతను ఎక్కడ పడుకోబెడతారని అడగరు. నా మటుకు నాకు మొదట అడగాల్సింది అదే.

అలాగని పెట్టెను, అంటే ఇంక్యుబేటర్‌ను తీసిపారేయలేం. 1880 ప్రాంతంలో పారిస్ మెటర్నిటీ ఆసుపత్రిలో స్టెఫాన్ టార్నియే అనే డాక్టరు, కోడిగుడ్లు పొదిగించే యంత్రాన్ని చూసి పసిపిల్లల కోసం అలాంటిదే చేయించాడు. దాంతో 2 కిలోల లోపు పిల్లల్లో మరణాలు 66 శాతం నుంచి 38 శాతానికి దిగాయి. నెలతక్కువ బిడ్డకు చర్మం కింద కొవ్వు తక్కువ, ఒంట్లో వేడి నిలవదు. 28 వారాల లోపే పుడితే చర్మం మరీ పలచన, ఒంట్లోని నీరు అందులోంచే ఆవిరైపోతుంది. అలాంటి బిడ్డ చుట్టూ తేమ నిలపడానికి మూసి ఉండే ఇంక్యుబేటరే కావాలి. పైనుంచి వేడినిచ్చే వార్మర్‌కు ఆ పని చేతకాదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది ఈ వార్మరే.

రెండో దారి కొలంబియా రాజధాని బొగొటాలో, కొరత వల్ల పుట్టింది. ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి బిడ్డలు, ఒకరి నుంచి ఒకరికి ఇన్ఫెక్షన్లు. 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా అనే పిల్లల డాక్టరు బిడ్డలను తల్లుల ఎదకే కట్టించడం మొదలుపెట్టాడు. అదే కంగారూ మదర్ కేర్. యంత్రాలు లేనిచోట గత్యంతరం లేక చేసే వైద్యమని చాలాకాలం దానికి పేరు. యంత్రాలున్నచోటా బిడ్డ కుదుటపడ్డాకే తల్లికి ఇచ్చేవారు. బిడ్డ తేరుకునేదాకా పెట్టె, తర్వాత తల్లి.

ఈ వరసను ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన ఒక పరిశోధన తిరగేసింది. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతో పాటు మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఇందులో పాల్గొంది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టును పుట్టిన గంట, గంటన్నరలోనే తల్లి ఎద మీదకు చేర్చి రోజుకు 17 గంటల దాకా ఉంచారు. రెండో జట్టుకు పాత పద్ధతే: ముందు ఇంక్యుబేటర్ లేదా వార్మర్, కుదుటపడ్డాక తల్లి. నెల తిరిగేలోగా పాత పద్ధతి జట్టులో 15.7 శాతం మంది చనిపోతే, తల్లి ఎద మీద పెరిగిన జట్టులో 12 శాతం. అంటే వెయ్యి మందికి 37 మంది ఎక్కువగా బతికారు. ఇంత తేడా కనిపించాక పాత పద్ధతిని కొనసాగించడం న్యాయం కాదని పరిశోధనను ముందే ఆపేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. మరుసటి ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలతక్కువ, బరువుతక్కువ పిల్లలందరికీ పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టాలని, రోజుకు 8 నుంచి 24 గంటలు ఉంచాలని చెప్పింది.

ఇక్కడ ఒక చిక్కుంది. మొదటి జట్టుకు దక్కింది తల్లి ఒంటి వేడి ఒక్కటే కాదు. బిడ్డ ఉన్న ఐసీయూలోనే తల్లికీ మంచం వేశారు. కాబట్టి పాలు అందాయి, పదిమంది చేతులు పడటం తగ్గింది, చూసే మనిషి ఎప్పుడూ పక్కనే ఉంది. ఇన్ఫెక్షన్లు కూడా ఆ జట్టులోనే తక్కువ. అందుకే తల్లిని వేరే అంతస్తులో పడుకోబెట్టి, పూటకోసారి పిలిచి అరగంట బిడ్డను ఎత్తుకోనిచ్చి "మేమూ కంగారూ కేర్ చేయిస్తున్నాం" అనే ఆసుపత్రి మాట నేను లెక్కలోకి తీసుకోను.

చేసే తీరు తేలికే. బిడ్డకు టోపీ, మేజోళ్లు, డైపర్ తప్ప మరేమీ ఉండకూడదు. తల్లి కాస్త వెనక్కి వాలి కూర్చుంటే, రొమ్ముల మధ్య బిడ్డను నిలువుగా, కాళ్లూ చేతులూ కప్పలా ముడిచి ఆనిస్తారు. తల ఒక పక్కకు తిప్పి గడ్డం కొద్దిగా పైకి ఉంచాలి, మెడ ముందుకు వాలితే ఊపిరి అందదు. పైన గుడ్డతో గట్టిగా కట్టేస్తే తల్లి లేచి తిరగవచ్చు. సుమారు 34 వారాలు నిండేదాకా చప్పరించడం, మింగడం సరిగా కుదరవు కాబట్టి పిండిన పాలను గొట్టంతోనో, ఉగ్గుగిన్నెతోనో పడతారు.

మరి ఎవరికి ఏది? కిలో లోపు బిడ్డకు, సొంతంగా ఊపిరి తీసుకోలేని బిడ్డకు ముందు యంత్రమే. ఆ పరిశోధనలో వాళ్లను చేర్చనే లేదు. కిలో దాటి ఊపిరి ఆడుతుంటే తల్లి ఎదే మొదటి చోటు, పెట్టె ఆమె స్నానానికో, భోజనానికో వెళ్లినప్పుడు. ఇంటికి వెళ్లాక ఎలాగూ పెట్టె ఉండదు. హర్యానాలో 8 వేలకు పైగా బరువుతక్కువ పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఇంటి దగ్గర ఈ పద్ధతి నేర్పిన కుటుంబాల్లో నెలలోపు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. వేడి కోసం బల్బులు, వేడినీళ్ల సీసాలు పెట్టే అలవాటు మాత్రం మానాలి, కాలిన గాయాలవుతాయి.

అసలు అడ్డంకి ఇంట్లోనే. "పచ్చి బాలింత, సిజేరియన్ కుట్లు, ఆమెకే విశ్రాంతి కావాలి" అంటారు పెద్దలు. అందులో నిజం లేకపోలేదు. అలాంటప్పుడు తండ్రి చొక్కా విప్పాలి, అమ్మమ్మ, నాయనమ్మ వంతులు వేసుకోవాలి. ఆ పరిశోధనలోనూ తల్లికి వీలుకానప్పుడు ఇంట్లోవాళ్లే ఆ పని చేశారు. రెండున్నర కిలోల దగ్గరకు వచ్చేసరికి బిడ్డే కాళ్లతో తన్ని, కట్టులోంచి జారి, ఏడ్చి గోల చేస్తుంది. ఇక ఆపేయవచ్చు.