ఆర్‌టిఎక్స్ 3080: మంచి కార్డే, కడుపు నిండా కరెంటు పెడితే

2020లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టిఎక్స్ 3080, 10 జీబీ గ్రాఫిక్స్ కార్డు నా దగ్గర కొన్నేళ్లుగా ఉంది. స్పీడు గురించి నాకు పేచీ లేదు, 1440పీ మానిటర్‌కి ఇప్పటికీ సరిపోతోంది. రాయాల్సింది దీని కరెంటు సంగతి. కార్డు పోయిందని ఎవరైనా తేల్చేసే లక్షణాలన్నీ నా సిస్టమ్‌లో కనిపించాయి, తీరా చూస్తే అసలు దొంగ పవర్ సప్లై, అంటే కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా.

గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడేది. కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా ఫుల్ స్పీడు అందుకునేవి, హెడ్‌ఫోన్లో మాత్రం గేమ్ సౌండ్ ఇంకా వస్తూనే ఉండేది. కొన్నిసార్లు సిస్టమ్ మొత్తం టప్‌మని ఆగిపోయేది. వెనక స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తే తప్ప ముందు బటన్ పనిచేసేది కాదు. ఈ రెండో రకమే అసలు క్లూ. డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) పడిపోతే విండోస్ రెండు సెకన్లు చూసి దాన్ని మళ్లీ లేపుతుంది, ఈవెంట్ వ్యూయర్ అనే తన చిట్టాలో 4101 నంబరుతో రాసిపెడుతుంది. స్విచ్ తిప్పితే గాని లేవడం లేదంటే పవర్ సప్లైలోని రక్షణ సర్క్యూట్ కట్ చేసిందని దాదాపు ఖాయం. అదే చిట్టాలో కనిపించి అందరినీ భయపెట్టే కెర్నల్-పవర్ 41 అంటారా, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం. ప్లగ్గు చేత్తో పీకేసినా అదే వస్తుంది. దాన్ని చూసి ఏ పార్టూ కొనకండి.

తికమక పెట్టిందల్లా ఫర్‌మార్క్, కార్డు మీద పూర్తి లోడు పెట్టి పరీక్షించే ప్రోగ్రామ్. ఎంతసేపు నడిపినా కార్డు చెక్కు చెదరలేదు. అదే ఒక గేమ్‌లో మెనూ నుంచి సీన్ లోడయ్యే క్షణంలో పడిపోయేది. ఫర్‌మార్క్ లోడు ఒకే మట్టంలో ఉంటుంది, గేమ్ లోడు ఎగిరెగిరి పడుతుంది. ఈ కార్డు సగటు వాడకం 320 వాట్లే అయినా మిల్లీసెకన్ల లెక్కలో అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. పాత పవర్ సప్లై తట్టుకోలేనిది ఆ కుదుపునే. మల్టీమీటర్ పెడితే 12 వోల్టులూ బుద్ధిగా కనిపించాయి, ఎందుకంటే రెప్పపాటులో వచ్చిపోయే వోల్టేజీ తగ్గుదలను మామూలు మీటర్ పట్టుకోలేదు. పేపర్‌క్లిప్‌తో రెండు పిన్నులు కలిపి పవర్ సప్లైని విడిగా ఆన్ చేసే టెస్టు ఇంకా దండగ, పవర్ సప్లై ఆన్ అవుతుందని తప్ప లోడు మోస్తుందని అది చెప్పదు.

పాతదాని డబ్బా మీద 650 వాట్లు అని పెద్దక్షరాలు ఉన్నాయి. పక్కనున్న లేబుల్ చదివితే 12 వోల్టుల లైన్‌కి 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు. కార్డూ ప్రాసెసరూ తినేది ఆ లైన్ నుంచే. మిగతా వాట్లు 5, 3.3 వోల్టుల వాటా, మనకి ఒరిగేదేమీ లేదు. ఎన్విడియా ఈ కార్డుకి 750 వాట్లు సూచించింది. గోల్డ్ స్టిక్కర్ చూసి ధీమా పడొద్దు, అది ఎంత కరెంటు వృథా కాకుండా మిగులుతుందో చెప్పే గుర్తు, కుదుపుల్ని ఓర్చుకుంటుందని హామీ కాదు.

డ్రైవర్ శుభ్రంగా తీసేసి మళ్లీ వేయడం అందరూ చేసేదే, నేనూ చేశాను, ఫలితం లేదు. తేల్చి చెప్పింది ఒక చిన్న పరీక్ష. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించి అదే గేమ్, అదే సీన్ ఆడాను. పడిపోవడం ఆగింది. రూపాయి ఖర్చు లేకుండా అనుమానమంతా పవర్ వైపు తిరిగింది. తర్వాత కేబుల్ చూశాను. ఒకే తీగకి రెండు 8-పిన్ తలలున్నది కార్డుకి పెట్టి ఉంది. విడివిడిగా రెండు కేబుళ్లు వేస్తే స్క్రీన్ నల్లబడటం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పవర్ సప్లైల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఉన్న 850 వాట్ల పవర్ సప్లై మార్చాక ఆ టెన్షన్ మళ్లీ లేదు. ఈ ప్రమాణంలో పవర్ సప్లై తన సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని నియమం ఉంది, మన జబ్బుకి సరిగ్గా ఇదే మందు. మార్చేటప్పుడు పాత మాడ్యులర్ కేబుళ్లు (పవర్ సప్లై నుంచి ఊడదీయగలిగేవి) అలాగే ఉంచేయడం మాత్రం వద్దు. తల ఒకేలా దూరినా పవర్ సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, హార్డ్ డిస్కు కాలిపోవడానికి ఆ ఒక్క బద్ధకం చాలు.

సరిపడా పవర్ వచ్చాక కూడా కార్డుని అండర్‌వోల్ట్ చేసే, అంటే చిప్‌కి వెళ్లే వోల్టేజీ తగ్గించే వాడుతున్నాను, 850 మిల్లీవోల్టులకి. ఫ్రేములు పోయినట్టు కంటికి తెలియదు, ఫ్యాన్ల మోత మాత్రం బాగా తగ్గింది. కార్డులోని కాయిళ్లు చేసే గీ అనే శబ్దం ఇంకా ఉంది, దానికి అలవాటు పడ్డాను. అసలు అసంతృప్తి మెమరీ వేడి మీద. కార్డులోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ చిప్పులు బరువైన పనిలో 100 డిగ్రీలు దాటుతున్నాయి, 110 దగ్గర కార్డే స్పీడు తగ్గించుకుంటుంది. చిప్పుల వేడిని హీట్‌సింక్‌కి చేర్చే థర్మల్ ప్యాడ్లు మార్చాలి. ఈ కార్డు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు కోర్ టెంపరేచర్ చూసి సరిపెట్టుకోకుండా, లోడు నడుస్తుండగా మెమరీ జంక్షన్ రీడింగ్ (మెమరీ చిప్పుల లోపలి వేడి) చూపించమని అడగండి.