జెట్ స్కీకి ‘అన్ని మోడళ్ళకూ సరిపోయే’ హ్యాండిల్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

జెట్ స్కీకి కంపెనీ ఇచ్చిన హ్యాండిల్ తీసేసి బయట దొరికే ఎత్తు హ్యాండిల్ వేయించుకోవాలని చూస్తున్నవాళ్ళు దయచేసి రెండు నిమిషాలు ఆగండి. నేను వేయించుకున్నాను. మొదటి రోజే నీళ్ళ మధ్యలో హ్యాండిల్ చేతుల్లోనే తిరిగిపోయింది. అదే రోజు ఒడ్డుకు వస్తుంటే, ఎక్సలేటర్ ముట్టుకోకుండానే బండి ముందుకు దూకింది. వెనక సీట్లో మా తమ్ముడు ఉన్నాడు. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. కానీ ఆ రెండు సంగతులూ ఇంకొకరికి జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నేను కాస్త పొడగరిని. అలల మీద లేచి నిలబడి నడిపేటప్పుడు హ్యాండిల్ కిందకి ఉండి నడుము వంగిపోయేది, గంట తర్వాత మణికట్లు లాగేవి. అందుకని ఆన్‌లైన్‌లో ఒక అల్యూమినియం హ్యాండిల్ ఆర్డర్ పెట్టాను. పాతదానికన్నా 60 మిల్లీమీటర్లు ఎత్తు. ‘యూనివర్సల్, అన్ని మోడళ్ళకూ సరిపోతుంది, ఇంకేమీ మార్చనక్కర్లేదు’ అని అమ్మేవాళ్ళు రాశారు. కొనేముందు మెసేజ్ పెట్టి నా మోడల్ పేరు చెప్పి మరీ అడిగాను. ‘కళ్ళు మూసుకుని వేసుకోండి సార్’ అన్నారు.

బిగించేటప్పుడే నాకు ఒక సూచన దొరికింది, నేను దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాను. హ్యాండిల్ గొట్టాన్ని కింద ఒక ముక్క, పైన ఒక ముక్క కలిసి పట్టుకుంటాయి కదా, అదే క్లాంప్. నాలుగు బోల్టులూ మాన్యువల్లో చెప్పిన టార్క్‌కే, అంటే చెప్పినంత బిగువుకే బిగించాను. పాత హ్యాండిల్ ఉన్నప్పుడు ఆ రెండు ముక్కల మధ్య సన్నటి సందు కనిపించేది. కొత్తదానికి సందే లేదు, కాగితం కూడా దూరదు. ఎంత చక్కగా బిగుసుకుందో అనుకున్నాను. అసలు జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. బోల్టుల బలమంతా ఆ రెండు ముక్కలు ఒకదానికొకటి ఆనుకోవడానికే సరిపోయింది, గొట్టం మీద పట్టు పడనే లేదు. నా బండి క్లాంప్‌లో సందు ఉండాలి. అది పోయిందంటే గొట్టం సన్నగా ఉందన్నమాట.

తర్వాత వెర్నియర్ (సన్నటి తేడాలు కొలిచే స్కేలు) పెట్టి కొలిచాను. పెట్టె మీద 22.2 మిల్లీమీటర్లని ఉంది. క్లాంప్ పట్టుకునే చోట నిజంగా ఉన్నది 21.8. పైగా మంచి హ్యాండిళ్ళకు అక్కడ గరుకుగా గాట్లు ఉంటాయి, జారకుండా. దీనికి అద్దంలా నున్నటి రంగు పూత. ఇంకొకరి పడవ లేపిన అల మీద ముక్కు దబ్బున పడగానే, నా బరువంతా చేతుల మీదికి వచ్చింది, హ్యాండిల్ గిర్రున నా వైపు తిరిగింది. ఎక్సలేటర్ లివర్ కిందకి పోయింది, వేలు దానికి అందలేదు.

ఇక్కడే జెట్ స్కీ సంగతి బైకు కన్నా వేరు. దీనికి చుక్కాని ఉండదు. వెనక నాజిల్లోంచి దూసుకొచ్చే నీటి ధార ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. ఎక్సలేటర్ వదిలేస్తే ధార పోతుంది, ధార పోతే హ్యాండిల్ ఎంత తిప్పినా ఉపయోగం ఉండదు. ఉన్న వేగంతో అలా సూటిగా పోతుంది. కాబట్టి హ్యాండిల్ జారినా, లివర్ అందకపోయినా, పోయేది పట్టు ఒక్కటే కాదు, దారి కూడా.

ఎలాగో హ్యాండిల్ వెనక్కి తోసి పట్టుకుని, నెమ్మదిగా ఒడ్డు వైపు వచ్చాను. రెండోది అక్కడ మొదలైంది. బండి కట్టే చోటికి రావడానికి పూర్తిగా ఎడమకు తిప్పాను. వేలు లివర్ మీద లేదు. అయినా ఇంజిన్ చప్పుడు పెరిగింది, బండి చెక్క వంతెన వైపు ఎగబడింది. చేతికి కట్టుకున్న ల్యాన్యార్డ్, అంటే లాగితే ఇంజిన్‌ని ఆపే తాడు, లాగేశాను, ఇంజిన్ ఆగింది. ఆగాక తిప్పే వీలు లేదని ముందే చెప్పాను కదా. అంచుకున్న రబ్బరుకి తగిలి ఆగాం. వేగం తక్కువ కాబట్టి సరిపోయింది. ల్యాన్యార్డ్ ఏ కొక్కేనికో తగిలించి నడిపే అలవాటున్నవాళ్ళు అది లాగేశానన్న వాక్యం మళ్ళీ చదవండి.

కారణం ఎక్సలేటర్ కేబుల్, అంటే లివర్ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే తీగ. హ్యాండిల్ 60 మిల్లీమీటర్లు పైకి వెళ్ళింది, కేబుల్ మాత్రం పాతదే. సూటిగా ఉన్నప్పుడు ఎలాగో అందుతోంది. పూర్తిగా ఎడమకు తిప్పితే పైతొడుగు లాక్కుపోయి కూర్చున్న చోటు నుంచి బయటికి వస్తోంది, లోపలి తీగ దానంతటదే థ్రాటిల్ని (ఇంజిన్ వేగం పెంచే తలుపుని) తెరుస్తోంది. అంటే ఎత్తు పెంచితే పొడుగు కేబుల్ కావాలి. పాత హ్యాండిల్ కిందే ఎత్తు పెంచే ముక్కలు (రైజర్లు) వేసినా ఇదే కథ. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండ్లకు ఈ బాధ లేదనుకోకండి, వాటికి వైర్లు ఉన్నాయి. 2009 నుంచి వచ్చిన సీ-డూ ఐబీఆర్ మోడళ్ళలో, 2015 నుంచి వచ్చిన యమహా రైడ్ మోడళ్ళలో (ఐబీఆర్, రైడ్ ఆ కంపెనీల బ్రేకు-రివర్సు ఏర్పాట్ల పేర్లు) బ్రేకు, రివర్సు కూడా ఎడమ చేతి లివర్ మీదే ఉంటాయి, వాటి వైర్లూ హ్యాండిల్ దగ్గరికే వస్తాయి. అవి లాగుడు పడితే ఇంకా ప్రమాదం.

అమ్మినవాళ్ళకు కొలతల ఫోటోలు పంపాను. ‘బిగించాక రిటర్న్ లేదు, మీ ఫిట్టింగ్ తప్పు’ అన్నారు. వెర్నియర్ ఫోటో దగ్గరగా తీసి మళ్ళీ పంపితే జవాబే లేదు. డబ్బు పోయిందని కాదు నా బాధ. మోడల్ చెప్పి అడిగినవాడికి, ప్రాణం మీదికి వచ్చే వస్తువు గురించి, చూడకుండానే ‘వేసుకోండి’ అన్నారు. అది క్షమించలేకపోతున్నాను.

మీరు కొనేముందు పాత హ్యాండిల్ కవర్ విప్పి చూడండి. కొన్ని మోడళ్ళలో అది గుండ్రటి గొట్టం కానే కాదు, ఆ కంపెనీ సొంత ఆకారం. వాటికి కింద స్టీరింగ్ భాగం కూడా మార్చే కిట్ కావాలి. గుండ్రంగా ఉంటే క్లాంప్ 22.2 మిల్లీమీటర్లదా, లావు రకం 28.6దా కొలవండి. వచ్చిన హ్యాండిల్‌ని బిగించకముందే కొలవండి, ఎందుకంటే బిగించిన గీత పడితే వెనక్కి తీసుకోరు. ఉప్పునీళ్ళలో తిప్పేవాళ్ళు బోల్టుల సంగతి కూడా చూసుకోండి. స్టీల్ బోల్టు, అల్యూమినియం మర, ఉప్పు కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. మెరైన్ గ్రీజు లాంటివి ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో మాన్యువల్లో ఉన్నట్టే చేయండి.

బిగించాక గొట్టం మీంచి క్లాంప్ మీదికి మార్కర్‌తో ఒక గీత గీయండి. హ్యాండిల్ మీద మీ బరువంతా వేసి ఊగండి. గీత విరిగిందంటే జారినట్టే. తర్వాత ఒడ్డు మీదే, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళ పైపు బండికి తగిలించి స్టార్ట్ చేయండి. ముందు ఇంజిన్, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత ఇంజిన్. ఐడిల్లో ఉంచి హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పండి. చప్పుడు కొంచెం మారినా అక్కడే ఆపేసి కేబుల్ చూడండి. ల్యాన్యార్డ్ లాగి ఇంజిన్ ఆగుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. నేను ఈ పని ముందే చేసి ఉంటే నీళ్ళలోకి వెళ్ళేవాణ్ణే కాదు.

ఇప్పుడు నా బండికి పాత హ్యాండిలే మళ్ళీ వేశాను. దాన్ని కాస్త పైకి తిప్పి, అరచేయి ఆనే మెత్తటి గ్రిప్పులు వేస్తే మణికట్టు లాగడం చాలావరకు తగ్గింది. ఇది ముందే ప్రయత్నించాల్సింది. ఇప్పటికే ఇలాంటి హ్యాండిల్ వేయించుకుని తిరుగుతున్నవాళ్ళు ఉంటే, ఈసారి నీళ్ళలోకి దింపేముందు ఆ క్లాంప్ సందు ఒక్కసారి చూడండి. వేరే రకం క్లాంప్ అయితే సందు ఎలా ఉండాలో మీ మాన్యువల్లో బొమ్మ ఉంటుంది. మీ కొలతలు ఇక్కడ పెడితే నేను చూసి చెప్పగలిగినంత చెబుతాను.