ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కణజాలంలోని ప్రోటీన్లను రంగుతో చూపించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ లేకుండా క్యాన్సర్ నిర్ధారణ చేయమంటే ఇప్పుడు నా వల్ల కాదు. పాథాలజీ ల్యాబులో రోజూ దానితోనే పని. అయినా దాన్ని రోగం పేరు చెప్పే యంత్రంలా చూసే ధోరణి అంటే నాకు భయం. ఆ రంగు మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఏ ప్రశ్న అడగాలో తెలియాలంటే ముందు కణాల ఆకారం చూపే మామూలు హెచ్ అండ్ ఇ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేసిన) స్లైడును ఓపికగా చదవాలి.

కణజాలంలో ఫలానా ప్రోటీన్ ఉందా లేదా అన్నది దానికి అతుక్కునే యాంటీబాడీతో వెతకడమే ఈ పద్ధతి. యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి చూడవచ్చని ఆల్బర్ట్ కూన్స్ బృందం 1941లో చూపించింది. 1960లలో పెరాక్సిడేజ్ ఎంజైమును తగిలించడం మొదలయ్యాక మామూలు మైక్రోస్కోపుతోనే పని జరిగింది. నాబోటి వాళ్లకు అసలు మేలు జరిగింది మాత్రం 1991లో. స్లైడును ద్రావణంలో వేసి బాగా వేడి చేస్తే, కణజాలం పాడవకుండా వాడే ఫార్మలిన్ వల్ల మరుగున పడిన యాంటిజెన్లు (యాంటీబాడీ అతుక్కునే భాగాలు) మళ్లీ బయటపడతాయని అప్పుడు తేలింది. మైనపు బ్లాకుల్లో ఏళ్లుగా ఉన్న కణజాలం కూడా పరీక్షకు పనికొచ్చేది అందువల్లే.

దీని విలువ ఏ రూపమూ లేని గడ్డ ఎదురైనప్పుడు తెలుస్తుంది. మెడలోని లింఫ్ గ్రంథి నుంచి చిన్న ముక్క వస్తుంది. పెద్ద పెద్ద కణాలు, గ్రంథులూ లేవు, కెరాటినూ లేదు. అది కార్సినోమా (అవయవాల పైపొర, గ్రంథుల కణాల క్యాన్సర్) కావచ్చు, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) కావచ్చు, మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) కావచ్చు. మూడింటికీ చికిత్స పూర్తిగా వేరు. నేను మొదట వరుసగా ఆ మూడింటినీ పట్టిచ్చే పాన్ సైటోకెరాటిన్, సీడీ45, సాక్స్10 యాంటీబాడీలు పెట్టిస్తాను. చాలా కేసుల్లో వీటితోనే దారి దొరుకుతుంది. అయితే సీడీ45 రానంత మాత్రాన లింఫోమా కాదని కొట్టిపారేయడానికి లేదు. అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమాలో అది రాకపోవచ్చు, పైగా సాధారణంగా కార్సినోమాలో కనిపించే ఈఎంఏ పాజిటివ్ వచ్చి మనల్ని కార్సినోమా వైపు లాగుతుంది. కణాల ఆకారం చూసి అనుమానించిన వాళ్లకే ఆ లింఫోమాను పట్టిచ్చే సీడీ30 అడగాలని తోస్తుంది. అందుకే హెచ్ అండ్ ఇ ముందు అని అంత గట్టిగా చెబుతున్నాను.

ఈ పరీక్ష అందం నాకు అన్నిటికన్నా ఎక్కువగా ప్రోస్టేట్ సూది బయాప్సీలో కనిపిస్తుంది. సన్నని ముక్కలో ఒక మూల కొద్దిపాటి చిన్న గ్రంథులు అనుమానం రేపుతాయి. 34బీటాఈ12 గానీ పీ63 గానీ యాంటీబాడీ పెడితే మామూలు గ్రంథి అంచున బేసల్ (అడుగు) కణాల వరుస గోధుమ రంగులో తేలుతుంది. క్యాన్సర్ గ్రంథికి ఆ వరుస ఉండదు. అంటే ఇక్కడ రంగు రాకపోవడమే సాక్ష్యం. రాని రంగును నమ్మాలంటే అదే స్లైడులో పక్కనున్న మామూలు గ్రంథికి రంగు పట్టి తీరాలి. పట్టకపోతే ఆ స్లైడు ఏమీ చెప్పనట్టే. క్షీణించిన గ్రంథుల్లో, అడెనోసిస్‌లో (క్యాన్సర్ కాని చిన్న గ్రంథుల గుంపులో) కూడా ఈ వరుస అక్కడక్కడా తెగి ఉంటుంది కాబట్టి ఒకటి రెండు గ్రంథులను చూసి తేల్చేయకూడదు. ఇంకో చిక్కు ఉంది. బ్లాకును మళ్లీ కోసేసరికి ఆ అనుమానపు గ్రంథులే మాయం కావచ్చు. అందుకే సూది బయాప్సీలకు మొదటిసారి కోసేటప్పుడే రంగు వేయని స్లైడులు కొన్ని తీసి పక్కన పెట్టించడం మేలు.

నా పెద్ద ఫిర్యాదు పరీక్ష మీద కాదు, పరీక్షకు ముందు జరిగే నిర్లక్ష్యం మీద. రొమ్ము ఆపరేషన్ చేసి తీసిన కణజాలం గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. పెద్ద ముక్కను కోయకుండా అలాగే డబ్బాలో పడేస్తే ఫార్మలిన్ లోపలికి చేరేలోగా మధ్యభాగం పాడవుతుంది. అప్పుడు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఆ హార్మోన్ అతుక్కునే ప్రోటీన్) నెగటివ్ అని వచ్చిన ఫలితాన్ని నేను నమ్మలేను. 1 శాతం కణకేంద్రకాలకు రంగు పట్టినా పాజిటివ్‌గా లెక్కించే పరీక్ష ఇది. దాని మీద ఒక మనిషికి హార్మోన్ మందు ఇవ్వాలా వద్దా అన్నది ఆధారపడి ఉంది. నెగటివ్ అని రాసే ముందు పక్కనున్న మామూలు నాళాల కణాలకు రంగు వచ్చిందో లేదో ప్రతిసారీ చూడాలి. ఎముక ముక్కలది ఇంకో బాధ. ఘాటైన ఆమ్లంలో మెత్తబరిస్తే యాంటిజెన్లు దెబ్బతింటాయి. ఆలస్యమైనా, కాల్షియాన్ని మెల్లగా లాగేసే ఈడీటీఏ ద్రావణం నయం.

ఆటోమేటిక్ యంత్రం వచ్చాక స్లైడుకూ స్లైడుకూ మధ్య తేడా బాగా తగ్గింది, రోజుకో తీరుగా రంగు రావడం పోయింది. యాంటీబాడీకి రంగును కలిపే బయోటిన్ స్థానంలో పాలిమర్ పద్ధతి రావడం ఇంకా మంచిదైంది. కాలేయం, మూత్రపిండాల కణజాలంలో సహజంగా ఉండే బయోటిన్ వల్ల వచ్చే అబద్ధపు రంగు బెడద తప్పింది. కానీ ముడత పడ్డ సెక్షన్‌ను యంత్రం సరిచేయదు. 3, 4 మైక్రాన్ల మందంలో చదునుగా కోసి స్లైడు మీదకు ఎత్తే టెక్నీషియన్ చేతిలోనే సగం నాణ్యత ఉంది. రిపోర్టు మీద వాళ్ల పేరు ఉండదు. ఉండాలని నా కోరిక.

గోధుమ రంగుకూ ఒక పరిమితి ఉంది. మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే గోధుమ-నలుపు పదార్థం) దట్టంగా ఉన్న గడ్డలో ఏది రంగో ఏది మెలనినో చెప్పడం కష్టం. అటువంటి కేసుల్లో ఎర్ర రంగు ఇచ్చే క్రోమోజెన్ (రంగు పదార్థం) అడగడమే దారి.

నాకు తక్కువ నమ్మకం ఉన్నది, ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67 లెక్క మీద. వేగంగా పెరిగే బర్కిట్ లింఫోమాలో దాదాపు ప్రతి కేంద్రకమూ వెలిగినప్పుడు సందేహమే లేదు. రొమ్ము క్యాన్సర్‌లో మధ్యస్థంగా వచ్చే అంకెలు మాత్రం చూసే మనిషిని బట్టి మారిపోతాయి. రొమ్ము క్యాన్సర్‌లోనే చూసే హెర్2 ప్రోటీన్ పరీక్ష ఇంతకన్నా నయం. 3+ స్కోరుకు స్పష్టమైన నిర్వచనం ఉంది: 10 శాతం కన్నా ఎక్కువ కణాల్లో పొర చుట్టూ పూర్తిగా, గాఢంగా రంగు ఉండాలి. 2+ వస్తే జీన్ పరీక్షకు పంపాలని నియమమే ఉంది. తన సందేహాన్ని తానే ఒప్పుకునే పరీక్ష అంటే నాకు గౌరవం.

ఎక్కువ యాంటీబాడీలు పెడితే ఎక్కువ తెలుస్తుందనుకోవడం సరికాదు. ఊపిరితిత్తి నుంచి వచ్చిన చిన్న ముక్కలో అడెనోకార్సినోమానా (గ్రంథి కణాల క్యాన్సరా), స్క్వామస్ కార్సినోమానా (పొలుసు కణాల క్యాన్సరా) అన్నదే ప్రశ్న అయితే మొదటిదానికి టీటీఎఫ్-1, రెండోదానికి పీ40 సాధారణంగా చాలు. మిగిలిన కణజాలం జన్యు పరీక్షలకు కావాలి. బ్లాకును మన సందేహాలకే ఖర్చు చేసేస్తే లక్షిత మందు దొరికే అవకాశం రోగికి పోవచ్చు. ఇందులో సర్జన్ల సాయం కూడా కావాలి. అభ్యర్థన పత్రంలో ‘గతంలో రొమ్ము క్యాన్సర్’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, మేం ఎటు వెతకాలో తెలుస్తుంది.

కొత్తగా ఈ పరీక్ష మొదలుపెట్టే ల్యాబుకు నేను చెప్పేది ఇది. కొద్ది యాంటీబాడీలు కొనండి, వాటిని బాగా ఎరిగి ఉండండి. రోగి ముక్క ఉన్న స్లైడు మీదే టాన్సిల్, అపెండిక్స్ వంటి కంట్రోల్ ముక్కను కూడా ఎక్కించండి. కొత్త లాట్ (తయారీ విడత) సీసా తెరిస్తే పాత లాట్‌తో పక్కపక్కన పెట్టి చూసేవరకు దానితో ఏ రిపోర్టూ పంపకండి.