డేకేర్‌లో మీ పాప "బాగా పడుకుంటోంది" అంటే ఒకసారి ఆగి ఆలోచించండి

రెండున్నరేళ్ల మా పాపని ఏడు నెలలు ఒక డేకేర్‌కి పంపాం. పోయిన నెల మాన్పించేశాం. మమ్మల్ని అడగకుండా, కనీసం తర్వాతైనా చెప్పకుండా పాపకి సిరప్‌లు తాగించారు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయట్లేదు. డేకేర్ వెతుకుతున్నవాళ్లు, ఇప్పటికే పంపుతున్నవాళ్లు కొంచెం ఓపిగ్గా చదవండి.

మొదట్లో మాకు ఏ అనుమానమూ రాలేదు. గదులు శుభ్రంగా ఉండేవి, గేటు దగ్గర కెమెరా ఉండేది. రోజూ సాయంత్రం ఒక కార్డు ఇచ్చేవాళ్లు. ఎంత తిన్నది, డైపర్ ఎన్నిసార్లు మార్చారు, ఎంతసేపు పడుకుంది, అన్నీ అందులో ఉండేవి. ఇంట్లో మధ్యాహ్నం ఒక గంట పడుకోబెట్టడానికి గంటన్నర కుస్తీ పట్టాలి మా పిల్లతో. అక్కడ మాత్రం మూడు గంటలు పడుకుందని రాసేవాళ్లు. "మీ పాప బంగారమండీ, అలా పడుకోబెడితే చాలు, ఇక లేవదు" అంది ఆయా ఒకరోజు. నేను మురిసిపోయి మా అత్తయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

కొన్ని రోజులు సాయంత్రం తీసుకొచ్చేటప్పుడు కళ్లు వాలిపోయి ఉండేవి. బండి కదలగానే మళ్లీ నిద్ర. ఇంటికొచ్చాక "నీళ్లు, నీళ్లు" అంటూ గటగటా తాగేది. రాత్రి పదకొండైనా పడుకునేది కాదు. మర్నాడు చూస్తే మామూలే. ఆడి అలిసిపోయిందిలే అనుకున్నాం. ఒకసారి గౌను మెడ దగ్గర గులాబీ రంగు మరక కనిపించింది. వేలు పెడితే జిగురుగా ఉంది. వాసన చూస్తే మందుల్లో కలిపే ఆ తియ్యటి ఫ్లేవర్. బొమ్మలకి వేసే రంగేమోలే అని నానబెట్టి ఉతికేశాను. ఉతక్కుండా దాచి ఉంటే ఈరోజు చేతిలో ఒక ఆధారం ఉండేది.

బయటపడింది జ్వరం వల్ల. ఒక సాయంత్రం ఏడింటికి ఒళ్లు కాలుతుంటే చూశాను, 101 ఉంది. పారాసిటమాల్ సిరంజిలోకి తీసి నోటి దగ్గర పెడితే మూతి బిగించేసింది. "ఆంటీ ఇచ్చింది" అంది. ఏమిచ్చింది నాన్నా అంటే "పింక్ మందు" అని, రెండు వేళ్లతో చిన్న మూత పట్టుకున్నట్టు పట్టి, తల వెనక్కి వంచి, గుటుక్కున మింగి చూపించింది. ఆ వంచడంలో ఎంత అలవాటు ఉందంటే, చూస్తుంటే నాకు చేతులు వణికాయి. ఇంట్లో మేం మూతతో ఎప్పుడూ మందు పట్టలేదు, సిరంజితోనే వేస్తాం.

మేనేజర్‌కి ఫోన్ చేశాను. "మేం మందులు ఇవ్వమండీ" అంది. పది నిమిషాలకి తనే చేసి, ఒళ్లు వెచ్చగా ఉందని కొంచెం వేశారట అంది. ఏ మందు? పారాసిటమాల్ అయ్యుంటుంది. ఎంత? ఒక మూత. ఎన్నింటికి? నాలుగో, నాలుగున్నరో.

ఈ "ఒక మూత" సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పిల్లలకి పారాసిటమాల్ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి లెక్క. కిలోకి ఒక మోతాదుకి 15 మిల్లీగ్రాముల వరకు, 4 నుంచి 6 గంటల తేడాతో, రోజుకి నాలుగు సార్లు మించకుండా. మా పాప 12 కిలోలు, అంటే ఒక మోతాదు 180 మిల్లీగ్రాముల వరకు. ఇప్పుడు 5 మిల్లీలీటర్ల మూత తీసుకోండి. ఒక రకం సిరప్ అయితే అందులో 120 ఉంటుంది, ఇంకో రకంలో 250. పసిపిల్లల డ్రాప్స్ సీసా అయితే ఒక్కో మిల్లీలీటరులో 100 ఉంటుంది కాబట్టి అదే మూతలో 500. సీసా ఏదో తెలియకుండా మూత అంటే ఏమీ చెప్పనట్టే. పైగా జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. పాప నోరు బిగించకపోతే నేను మూడు గంటలు కూడా గడవకుండా రెండో మోతాదు వేసేదాన్ని. ఒక్కసారి అలా జరిగితే సాధారణంగా ఏమీ కాదని, రోజుల తరబడి ఇలా రెండు చోట్లా వేస్తూ పోతే లివర్ దెబ్బతింటుందని ఆ రాత్రి డాక్టర్ చెప్పారు.

ఆయన ఇంకో ప్రశ్న వేశారు. "సాయంత్రాలు మగతగా ఉంటోందా? నోరు ఎండిపోతోందా?" నాకు గుండె జారిపోయింది. జలుబుకి, దురదకి వాడే పాత తరం మందులు, డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి, మత్తు తెస్తాయి, నోరు ఎండబెడతాయి. కొందరు పిల్లల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చిరాకు, గెంతులు ఎక్కువవుతాయట. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే రెండేళ్ల లోపు పిల్లలకి ఈ దగ్గు, జలుబు మందులు వాడొద్దని చెప్పింది. అదే ఏడాది కంపెనీలు నాలుగేళ్ల లోపు వద్దని లేబుల్ మీద వేశాయి. ఇండియాలో 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడకి వాడే ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలని ఆదేశం వచ్చింది. డేకేర్‌లో ఉండే పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసువాళ్లేగా!

నిద్ర తెప్పించే హార్మోన్ మెలటోనిన్‌తో చేసే గమ్మీలు (జెల్లీ చాక్లెట్ల లాంటివి) కూడా ఇలా వాడుతున్నారని తర్వాత తెలిసింది. "సహజమైనదే కదా" అంటారు. 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్‌కీ లోపలి మోతాదుకీ పొంతన లేదు. ఒకదాంట్లో రాసిన దానికి మూడు రెట్ల పైనే ఉంది.

మర్నాడు చెప్పకుండా మధ్యాహ్నం పన్నెండుంపావుకి వెళ్లాం. సింకు పైన అల్మారాలో ఒక ప్లాస్టిక్ ట్రే. మూడు సీసాలు, దేని మీదా ఏ పిల్ల పేరూ లేదు. అన్నిటికీ కలిపి ఒకే కొలత మూత, అంచున మందు ఎండి గట్టిపడి ఉంది. రిజిస్టర్ ఏదంటే లేదు. మేనేజర్ మాత్రం మా అడ్మిషన్ ఫారం తెచ్చి ఐదో పేజీ తిప్పింది. "అవసరమైనప్పుడు ప్రథమ చికిత్స, సాధారణ మందులు ఇచ్చుటకు సమ్మతిస్తున్నాను." కింద నా సంతకం. చేరిన రోజు పాపని చంకలో వేసుకుని తొమ్మిది చోట్ల సంతకాలు పెట్టాను, అందులో ఇదొకటి.

అందుకే చెబుతున్నాను, ఆ ఒక్క వాక్యాన్ని వెతికి కొట్టేయండి. "సాధారణ మందులు" అంటే ఏవో, ఎంతో, ఎవరు నిర్ణయిస్తారో రాయని చోట సంతకం పెడితే అది అనుమతి కాదు, ఖాళీ చెక్కు. ఏ మందైనా ఆ మందు పేరు, మోతాదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నింటికి, ఇవన్నీ మీరు రాసిస్తేనే, మీరు పంపిన లేబుల్ ఉన్న సీసాలోంచే వెయ్యాలి. వేసిన మనిషి టైము రాసి సంతకం పెట్టాలి. ఆస్తమా ఇన్‌హేలర్ లాంటి అత్యవసర మందుల సంగతి వేరు, అవి డాక్టర్ చీటీతో సహా ముందే ఇచ్చి ఉంచాలి. చేర్చే ముందు "మందులు ఇస్తారా" అని అడక్కండి, లేదనే అంటారు. "మందులు పెట్టే చోటు, మందుల రిజిస్టర్ చూపించండి" అని అడగండి.

ఆయా ఏడ్చింది. "పదకొండు మందిమ్మా, ఒక్కదాన్నే. ముక్కు కారే పిల్లలు పడుకోరు, మేడమే వెయ్యమంటారు" అంది. కోపం రాలేదని అబద్ధం చెప్పను, కానీ నా కోపం ఆమె మీద నిలవలేదు. అంతమంది పిల్లల్ని ఒక్క మనిషికి అప్పగించినవాళ్ల మీదే ఎక్కువ.

అనుమానం వస్తే నాలా బట్టలు ఉతికేయకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఏ మందు మీద అనుమానమో చెప్పి మూత్ర పరీక్ష అడగండి. మామూలు డ్రగ్ టెస్టుల్లో ఇవి సాధారణంగా దొరకవు, విడిగా చెప్పాలి. రెండు మూడు రోజులు దాటితే దొరకడం కష్టం. ఆ పరీక్ష అడగడంలో మేం ఆలస్యం చేశాం. పిల్లల్ని అడిగేటప్పుడు "ఆంటీ మందేసిందా" అని అందించకండి, "మధ్యాహ్నం ఏం చేశారు" అని మొదలెట్టండి. లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా ఇవేమీ వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి పరుగెత్తండి.

డేకేర్‌లకి అనుమతులిచ్చే అధికారులకి, పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, సీసాల ఫోటోలతో సహా. మిగతా తల్లిదండ్రుల్లో ఇద్దరు తమ పిల్లల విషయంలోనూ ఇదే దాహం, ఇదే మగత గమనించామన్నారు. ఇంకొకాయన "కొంచెం సిరప్‌కే ఇంత గొడవా" అన్నాడు. ఆయనకి నేనేం చెప్పలేదు. డిపాజిట్ ఇంకా వెనక్కి ఇవ్వలేదు, అడుగుతూనే ఉన్నాం.

ఇప్పుడు వేరే చోట చేర్చాం. మొదటి వారంలోనే వాళ్లు ఫోన్ చేశారు. "మీ పాప ముప్పావు గంటకే లేచిపోతోందండీ, పక్క పిల్లల్ని కూడా లేపేస్తోంది, ఏం చేయమంటారు?" అని. సారీ చెప్పి, ఫోన్ పెట్టేసి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.